మనుషుల బుట్ట

ఆ వేసవి తరవాత నాకు చప్పట్లంటే రోత.

ఎండలు ముదరకముందు మా అబ్బాయి ఆఫీసులో ఒక మీటింగు జరిగింది. ఇంటివాళ్ళూ రావచ్చన్నారని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. గోడ మీద మడుగు పటం వేశారు. పటంలో పదకొండు ఎర్రచుక్కలు. ఒక్కో చుక్కా తుంగపిట్ట పాట వినబడిన చోటు. పోయినేడు నాలుగే ఉండేవట, అంతకు ముందు ఏడు రెండట. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పోయిందనుకున్న జాతి ఇలా తిరిగి లేచి రావడం తన సర్వీసులో చూడలేదన్నారు. చప్పట్లు మోగాయి. మా వాడు తల వంచుకుని ముక్కు రుద్దుకున్నాడు. వాడి పక్కన మా కోడలు కూర్చుని ఉంది. పటం గీసింది తనే. తను చప్పట్లు కొట్టలేదు, చుక్కలకేసి చూస్తూ పెదాలు కదుపుతోంది. మళ్ళీ లెక్కపెట్టుకుంటోందని నాకు అర్థమైంది.

నేను మాత్రం కొట్టాను. పక్కవాడు తిరిగి చూసేంత గట్టిగా కొట్టాను. ఇప్పటికీ అది గుర్తొస్తే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

తుంగపిట్ట పిడికెడంత ఉంటుంది. రంగు కూడా ఎండిన తుంగ రంగే, అందుకని చూసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళే ఎక్కువ. తెల్లవారే వేళ సీసా మూత తిప్పినట్టు మూడు కిర్రులు, చివర ఒక ఈల. ఊరి చివర మడుగు ఇన్నాళ్ళు మడుగుగా మిగిలిందంటే ఆ ఈల పుణ్యమే. వరసగా మూడేళ్ళు ఈల వినబడకపోతే మడుగును రక్షణ జాబితాలోంచి తీసేస్తారు. ఆ తరవాత మట్టి లారీలు, గోదాములు. మా వాడు చదువుకునే రోజుల నుంచీ ఆ పిట్ట వెనకే తిరిగాడు. కోడలు లెక్కల మనిషి. సంచీ ఎత్తి చూసి లోపల ఎన్ని టమాటాలున్నాయో చెప్పగలదని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఐదేళ్ళుగా ఆ మడుగు లెక్కలన్నీ తనే కూర్చింది. వేసవి చివర ఒక పెద్ద సభలో, నానా దేశాల వాళ్ళ ముందు, తుంగపిట్ట మీద పేపరు చదవబోతోంది. పేపరు మీద ఉండేది తన ఒక్కదాని పేరు. పిట్టల పని నాది, లెక్కల పేరు ఆమెది అని మా వాడే అన్నాడు. ఎంత పెద్ద మనసు అని నేను మురిసిపోయాను.

నేను ముప్పై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేశాను. మా ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్ళు, కోడలు మా ఇంటికొచ్చి నాలుగేళ్ళు. ముగ్గురం ఒకే ఇంట్లో ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోకుండా బతికేవాళ్ళం.

మీటింగైన వారానికి కోడలు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏదో అడగాలని ఉన్నప్పుడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. విషయమేమిటంటే, మడుగు చుట్టూ కర్రలు పాతి అరచేతంత రికార్డర్లు కట్టారు. అవి రాత్రింబగళ్ళు వింటూనే ఉంటాయి. అంత చప్పుడు మనిషి వినాలంటే ఒక జన్మ చాలదు కనక ముందు మిషను వింటుంది. చప్పుణ్ణి మూడేసి సెకన్ల ముక్కలుగా కోసి, పిట్టలవి పిట్టల బుట్టలో, కప్పలవి కప్పల బుట్టలో, పురుగులవి పురుగుల బుట్టలో వేస్తుంది. మనిషి మాట పడితే మనుషుల బుట్టలో వేస్తుంది. ఆ బుట్టను ఎవరూ వినరు. మడుగు గట్టున ఎవరేం మాట్లాడుకుంటే మనకెందుకు, నెలాఖరుకి వినకుండానే తుడిచెయ్యాలని నియమం. అయితే ఈ ఏడు మిషను ఏదో తికమక పడుతోందని తన అనుమానం. తెల్లవారుజామున మడుగు దగ్గర మనిషన్నవాడుండడు. అయినా ఆ వేళవి ముక్కలకు ముక్కలు మనుషుల బుట్టలో పడుతున్నాయి. కొన్ని చోట్ల పిట్ట పాటలు లెక్కకి తక్కువొస్తున్నాయి. ఒకవేళ పిట్టనే మనిషనుకుంటోందేమో.

"మీ చెవి మీద నాకు నమ్మకం మావయ్యా," అంది. "పిట్టా మనిషా, అంతవరకే చూడండి. మాటలు పట్టించుకోకండి. డైరెక్టరుగారి దగ్గర అనుమతి కాగితం తీసుకున్నాను."

మాటలు వినీ పట్టించుకోకపోవడమే ముప్పై ఒక్కేళ్ళు నేను చేసిన పని. సరేనన్నాను. ఆ సాయంత్రం మా వాడు వచ్చి, ఈ వయసులో నాన్నకెందుకీ శ్రమ అని భార్య మీద కాస్త గట్టిగానే విసుక్కున్నాడు. నా మీద ప్రేమ అనుకున్నాను.

ఆఫీసుకి రెండు గదులు టైర్ల షాపు మీద ఉండేవి. ఒక గదిలో నాకు కుర్చీ, కంప్యూటరు, చెవులకు పెట్టుకునే డిప్పలు ఇచ్చారు. కింద కంప్రెసరు మొదలెడితే నా టేబులు మీద గ్లాసులో నీళ్ళు వణికేవి. రెండోరోజు మెట్ల దగ్గర టైర్ల షాపాయన నన్ను ఆపి, పైన ఏం చేస్తుంటారని అడిగాడు. చెప్పాను. మర్నాటి నుంచి పదిన్నర కాగానే కంప్రెసరు ఆగిపోయేది, పన్నెండుకి గాని మళ్ళీ మొదలయ్యేది కాదు. ఆ వేసవిలో నాకెదురైన మంచివాళ్ళ పేర్లు రాయమంటే ఆయనది మొదట రాస్తాను. పేరు మాత్రం అడగలేదు.

మొదటి వారమంతా పశువుల్ని అదిలించేవాళ్ళూ, ఫోన్లో పోట్లాడుకునేవాళ్ళూ, ఒంటరిగా కూనిరాగం తీసేవాళ్ళూ. విన్నాను, "మనిషి" అని గుర్తు పెట్టాను, మరిచిపోయాను.

తెల్లవారుజాము ముక్కలు రెండోవారంలో మొదలుపెట్టాను.

మొదటి ముక్కలో పిట్ట ఈల తోక వినిపించింది. ఆ వెంటనే ఒక ఆడమనిషి గొంతు, గుసగుసగా: "కదలకురా కన్నా, మళ్ళీ..." అక్కడికి మూడు సెకన్లు అయిపోయాయి. తరవాతి ముక్కలో: "...పలుకుతుంది."

మా ఆవిడ ముందుపన్ను కాస్త విరిగి ఉండేది. గుసగుసలాడితే మాట చివర గాలి జారేది. ఆ గాలి విన్నాను.

"మనిషి" అన్న చోట గుర్తు పెట్టాను. అలవాటు అది. చెయ్యి దానంతట అదే పెట్టేసింది. తరవాత ముక్కను వెనక్కి తిప్పాను. మళ్ళీ విన్నాను. ఎంతసేపు అలా విన్నానో తెలియదు, కింద కంప్రెసరు మొదలైతే పన్నెండయిందని తెలిసింది. అది ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అని ఆ గంటన్నరలో ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. ఆరేళ్ళ తరవాత ఆ గొంతు దొరికితే ఎవడడుగుతాడు?

ఆ ప్రశ్నలన్నీ మర్నాడు వచ్చాయి. రెండోసారి అదే మాట, ఇంకో చోటి రికార్డరులో. మూడోసారి మడుగు ఆవలి ఒడ్డున. వారం తేడాతో, చోటు తేడాతో పదకొండు చోట్లా అదే మాట, అదే ఊపిరి, మాట వెనక దూరంగా అదే కాకి. తేదీల కాగితం ముందు పెట్టుకుని చూశాను. పోయిన మనిషి మంగళవారం పొద్దున ఒకే నిమిషంలో మూడు గట్ల మీద నిలబడి మాట్లాడదు. ఎవరో మాట్లాడించాలి. ఆవిడ ఈ భూమ్మీద "కన్నా" అని పిలిచింది ఒక్కణ్ణే.

లేచి బాత్‌రూంలో మొహం కడుక్కున్నాను.

శనివారం మధ్యాహ్నం కోడలు బజారుకెళ్ళింది. మా వాడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాడు. ఎదుటి కుర్చీలో కూర్చున్నాను.

"మీ అమ్మ మాట్లాడిన రికార్డింగు ఎప్పటిదిరా?"

ఏ రికార్డింగని వాడు అడగలేదు. తొన మీది పీచు తీసి ప్లేటు అంచున పెట్టాడు.

"కాలేజీలో చేరిన ఏడు. నువ్వు డ్యూటీలో ఉన్నావు. అమ్మ కేబులు పట్టుకుంది."

తరవాత చెప్పినదంతా తాపీగా, సామాను గురించి చెప్పినట్టు చెప్పాడు. పిట్ట పోయి మూడేళ్ళు దాటింది. మొదటి ఏడు ఒక్క ఈల కూడా పడకపోతే భయమేసింది. మడుగు పోతుంది కదా అని పాత పాటను చిన్న స్పీకరు పెట్టెలో ఎక్కించి రెండు చోట్ల తుంగలో దాచాడు. తెల్లవారగానే దానంతట అదే పాడుతుంది. రికార్డర్లు వింటాయి. అప్పట్లో అమ్మ మాట కత్తిరించే పెట్టాడట. ఆ కత్తిరించిన ఫైలు పాత లాప్‌టాప్‌తో పాటు పోయింది. ఈ ఏడు తొందరలో అసలుదే ఎక్కించేశాడు. మాట పడ్డా మనుషుల బుట్టలోకేగా పోయేది, దాన్ని ఎవరు వింటారు అనుకున్నాడు.

వాడు రెండు దగ్గర ఆగి ఉంటే నేనేమి చేసేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను. మడుగు కోసం చేశాడని సర్దుకుని ఉండేవాణ్ణేమో. నాకూ ఆ మడుగంటే ఇష్టమే. అందుకే అడిగాను, రెండు నాలుగెందుకయ్యాయి, నాలుగు పదకొండెందుకయ్యాయి అని.

"రెండు రెండుగానే ఉంటే ఎవరు చూస్తారు నాన్నా? పెరగాలి. పెరిగితేనే మనమేదో చేసినట్టు."

డైరెక్టరుగారు వచ్చే ఏడు దిగిపోతున్నారనీ, ఆ కుర్చీకి వీడి పేరే అనుకుంటున్నారనీ నాకు తెలుసు. అడగలేదు.

"అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే ఊరుకుంటుందా? తన పేరు మీద ఎంత మంచి పేపరు వస్తోంది, తనకే మంచిది." నా వైపు ఒక తొన జరిపాడు. "మనుషుల బుట్ట తుడిచెయ్యాలనే కదా నియమం. ఆ పనేదో నువ్వే చేసెయ్యి. తిను, తియ్యగా ఉంది."

ఆ తొన అలాగే బల్ల మీద ఉండిపోయింది. వాడి చేతులకేసి చూశాను. అచ్చు నా చేతులే, గోళ్ళు కూడా. పదకొండు చోట్ల వాళ్ళమ్మ గొంతును పెట్టెలో పెట్టి తుంగలో దాచిన చేతులు. అందులోనూ ఏం నీతి పాటించాడంటే, పేపరు మీద తన పేరు లేకుండా చూసుకున్నాడు. అది పెద్ద మనసనుకున్నవాణ్ణి నేను. ఎప్పుడైనా బయటపడితే లెక్క తప్పు చేసింది ఆమె అవుతుంది, పిట్టల మనిషికేం పోదు.

నువ్వే చెప్పు, నువ్వు చెబితేనే మర్యాద అన్నాను. సభ ఇంకా మూడు వారాలుంది, వెనక్కి తీసుకోవడానికి వేళ మించలేదన్నాను. నాలుగు రోజులు టైమడిగాడు. వాడు నా కొడుకు. ఇచ్చాను.

ఆ నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమైందో చెప్పలేను. వాడు భార్యకి సభ కోసం కొత్త బ్యాగు తెచ్చాడు. భోజనాలయ్యాక ఆమె చేత పేపరు చదివించి ఫోన్లో టైము చూసేవాడు. "ఇక్కడ, పదకొండు అన్నాక, ఒక్క క్షణం ఆగు. వాళ్ళకి ఎక్కాలి," అనేవాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివేది, సరిగ్గా అక్కడ ఆగేది. వాడు తలాడించేవాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేవాణ్ణి. మూడోరోజు ఆమె వెనకే వచ్చి, చేతిలోంచి గిన్నె తీసుకుని, మీకు ఒంట్లో బాగుండలేదు, చెప్పడం లేదు అంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా ఒక రోజు ఉంది కదా అని నోరు కట్టేసుకున్నాను.

ఐదోరోజు పొద్దున ఆఫీసుకెళ్ళి కంప్యూటరు తెరిచాను. మనుషుల బుట్ట ఖాళీ. పశువుల వాళ్ళు లేరు, కూనిరాగం మనిషి లేడు, ఎవరూ లేరు. మా వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, భుజాన ప్రయాణం సంచీ. ఏదో మీటింగుకి పొరుగూరు వెళ్తున్నాడు, రెండు రోజులకి గాని రాడు.

"నేనే శుభ్రం చేసేశాను నాన్నా, నీకెందుకు శ్రమ అని."

"తుడిచేముందు ఒక్కటైనా విన్నావా?"

"ఏం వినాలి?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

దాని తరవాత వాడి మీద నాకున్న కోపం పోయింది. కోపానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. మిగిలింది అసహ్యమే. గిన్నెలో మూడు రోజులు మరిచిపోయిన పదార్థం మూత తీసినప్పుడు ముక్కు తిప్పుకుంటామే, అలాంటిది. కన్నకొడుకు మీద అలాంటిది కలగడం మీద ఇంకో అసహ్యం.

బుట్ట తుడిచాడు గాని తుంగలో పెట్టెలు తియ్యడని నాకు తెలుసు. తీస్తే సీజను మధ్యలో పాట ఆగిపోతుంది. సభ ముందు పాట ఆగితే అడుగుతారు. ఫైలు మార్చాలంటే పదకొండు చోట్లా నడుం లోతు తుంగలోకి దిగాలి, ఆ తీరిక వాడికి ఊరి నుంచి వచ్చాకే. కోడలికి నోటితో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మామ నోట మొగుడి మీద మాట విని ఆమె ఏం చేసుకోవాలి? తను లెక్కపెట్టినదే నమ్ముతుంది. అది మంచిది కూడా.

"తుంగపిట్ట పాట నేనెప్పుడూ ఎదుట వినలేదమ్మా," అన్నాను. "రేపు పొద్దున నన్ను తీసుకెళ్తావా?"

ఆమె ఎంత సంతోషపడిందంటే, నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే స్కూటరు మీద వెళ్ళాం. నాకోసం రబ్బరు బూట్లు కూడా ఎక్కడో సంపాదించింది. గట్టు మీద నిలబడ్డాక, పది నిమిషాలు దగ్గకూడదు, కాళ్ళు మార్చకూడదు, వినబడితే వేలెత్తండి చాలు అంది. పుస్తకం తెరిచి టైము రాసుకుంది. ఈ ఏడు పేపరు పనిలో పడి తనూ తెల్లవారే వేళకి ఇక్కడికి రాలేదట. నీళ్ళ మీద పొగ లాంటిది లేస్తోంది. కప్పలున్నాయి, నీటికోళ్ళున్నాయి. మడుగు చచ్చిపోలేదు. ఆ ఒక్క పిట్టే లేదు.

ఎడమవైపు తుంగలోంచి మూడు కిర్రులు, ఒక ఈల. ఆమె నా వైపు తిరిగి నవ్వింది. పాప నవ్వినట్టు నవ్వింది. ఆ నవ్వును ఇంకో రెండు సెకన్లలో నేను పాడు చేయబోతున్నానని తెలిసి, నేల చూశాను.

"కదలకురా కన్నా, మళ్ళీ పలుకుతుంది."

ఆమె చుట్టూ చూసింది. గట్టు మీద ఎవరూ లేరు. ఎవరో ఉన్నారు మావయ్యా అని గుసగుసగా అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. అంతలో కుడివైపు, దూరం నుంచి, అదే ఈల. వెనకే అదే గొంతు. ఆమె పుస్తకంలో రాయబోయి ఆగింది. పెన్ను మూత పెట్టి, పుస్తకం సంచీలో వేసి, ఎడమవైపు తుంగలోకి దిగింది.

మోకాళ్ళు దాటి దిగబడింది. రెండు చేతులతో తుంగ విడదీస్తూ వెళ్ళింది. సబ్బుపెట్టె అంత పెట్టె, ప్లాస్టిక్ కవరులో చుట్టి, కర్రకి ఆకుపచ్చ తాడుతో కట్టి ఉంది. ఆ తాడు ఎవరిదో ఆమెకు చెప్పనక్కర్లేదు. రికార్డర్లు కట్టే తాడు, దాని చుట్ట మా ఇంట్లో మంచం కిందే ఉంటుంది. పెట్టె చేత్తో పట్టుకుని బురదలో అలాగే నిలబడింది. పది నిమిషాలకొకసారి పాడుతుంది అది. నేను గట్టు మీద, ఆమె నీళ్ళలో, ఇద్దరం ఆ పది నిమిషాలూ ఉన్నాం. నేను విన్నదీ, వాడు చెప్పిందీ, తుడిచిందీ అప్పుడే క్లుప్తంగా చెప్పాను. ఆమె నా వైపు తిరగలేదు.

ఆమె చేతిలోనే అది పాడింది. తరవాత గొంతు.

"అత్తయ్యా?" అంది.

"అవునమ్మా."

ఫోటోలో తప్ప ఆమె ఆవిణ్ణి ఎరగదు. మాట చివరి గాలి దాకా ఆగి, అప్పుడు మీట నొక్కింది.

"ఎన్ని?"

"పటంలో ఎన్ని చుక్కలుంటే అన్ని."

ఎండ నెత్తికెక్కే వేళకి అన్నీ తీశాం. నన్ను మాత్రం నీళ్ళలోకి దిగనివ్వలేదు, జలుబు చేస్తుందంది. ఆ స్థితిలో కూడా. ఇంటికొచ్చాక పెట్టెలు వసారాలో పాత పేపరు మీద ఆరబెట్టి, కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. తుడుచుకుని చూసుకుని మళ్ళీ కడుక్కుంది. మూడోసారి నేను వెళ్ళి కుళాయి కట్టేశాను.

"మడుగు పోతుందేమో మావయ్యా."

"పోవచ్చమ్మా."

సభ రద్దు చేసుకోలేదు. వెళ్ళింది. ఆమెకిచ్చిన ఇరవై నిమిషాల్లో నాలుగే వాడుకుందట. చుక్కలు లేని పటం వేసి, మూడేళ్ళ సంఖ్యలు తప్పు, అసలు సంఖ్య సున్నా, తప్పు ఇలా జరిగింది, కూర్చినది నేను కనక బాధ్యత నాది అని చెప్పి కూర్చుందట. అక్కడున్న ఒక ముసలావిడ, ఏదో దేశపు పక్షుల మనిషి, లేచి వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చుని చివరిదాకా అక్కడే ఉందట. అది నాకు ఫోన్లో రెండుసార్లు చెప్పింది.

తరవాత జరిగినవన్నీ ఊహించగలిగినవే. విచారణ. డైరెక్టరుగారు తనకేమీ తెలియదంటూ పేజీల కొద్దీ ఉత్తరం. చప్పట్లు కొట్టిన చేతులే వేళ్ళు చూపించడం. మా బంధువుల్లో ఒకాయన ఫోన్ చేసి, పిట్ట కోసం కొడుకుని బజారుకీడ్చిన తండ్రిని నిన్నే చూశానన్నాడు. పిట్ట కోసం కాదని చెప్పాలనుకున్నాను. ఫోన్ పెట్టేశాడు. మడుగు సంగతి మళ్ళీ మొదటి నుంచి లెక్క కట్టి తేలుస్తామన్నారు. ఆ లెక్క కోడలే కడుతోంది. మా వాడు వేరే ఊళ్ళో గది తీసుకున్నాడు.

తొలి వాన పడిన మర్నాడు ఇంటికొచ్చాడు. బట్టల కోసమనుకున్నాను. జేబులోంచి కాగితం తీశాడు. ఉద్యోగం వదిలేముందు ఆఫీసు సామానంతా లెక్క చూపించి అప్పగించాలట. స్పీకరు పెట్టెలు ఎక్కడున్నాయని అడిగాడు. భార్య బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటోంది, ఆమెనేమీ అడగలేదు. అమ్మ గొంతు గురించి అడగలేదు. నన్ను ఎలా ఉన్నావని కూడా అడగలేదు. వసారాలో పేపరు మీది పెట్టెలు ఒక్కొక్కటీ తీసి, బురద గీకి, కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు.

"పది ఉన్నాయి," అన్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "పదకొండుండాలి."

పదకొండోది నా గదిలో, చలికాలపు దుప్పటి మడతలో ఉంది. ఆరబెట్టిన రోజు సాయంత్రం ఎవరూ చూడకుండా నేనే తీశాను. వాణ్ణి అన్ని మాటలనుకున్నవాణ్ణి, ముసలితనాన దొంగలా దుప్పటి కింద దాచుకున్నాను. ఆ తరవాత ఒక్కసారి కూడా మీట నొక్కే ధైర్యం లేకపోయింది, ఇచ్చెయ్యడానికీ మనసొప్పలేదు. ఇక చెప్పెయ్యడమే మంచిదని కుర్చీలోంచి లేచాను.

"పదే దొరికాయి," అంది కోడలు, తల ఎత్తకుండా.

వాడు ఆమెకేసి చూశాడు. ఆమె లెక్క తప్పదని వాడికంటే బాగా ఎవరికి తెలుసు? కాగితం మీద ఏదో రాసుకుని, పెట్టెలు సంచీలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నేను లేచినవాణ్ణి అలాగే నిలబడి ఉన్నాను. ఆమె పేజీ తిప్పి, ఆ పొద్దున మడుగు దగ్గర విన్నదాన్ని పట్టికలోకి ఎక్కిస్తోంది. కప్పలు, నీటికోళ్ళు, కొంగలు. తుంగపిట్ట అన్న గడి దగ్గరికొచ్చి సున్నా చుట్టింది.

"కూర్చోండి మావయ్యా," అంది.